బోసినవ్వు పాట

భీమమ్మ నోరు మూసుకొని మూడు నెలలయింది. ఈ సంగతి విని ఎమ్మిగనూరులో ఆ వీధివాళ్లు మొదట నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. భీమమ్మ అంటేనే గొంతు. బిడ్డను తొట్టిల్లో వేసే ఇంట్లో ఆమె పాట ఎత్తుకుంటే మూడు వీధుల అవతల టీ తాగేవాళ్లు కూడా గ్లాసు దించి, "ఎవరింట్లోనో పండగ" అనుకునేవాళ్లు. మైకు అక్కర్లేదు, మేళం అక్కర్లేదు. కొడుకు మద్దయ్య బస్టాండు దగ్గర ఉగ్గాని బండి నడుపుతాడు. పొద్దున్నే వాడికి కావలసిన బొరుగులు జల్లించి, మిరపకాయలు చీల్చి ఇచ్చేసి, పదింటికల్లా తలలో పూలు తురుముకొని ఏదో ఒక తొట్టిల దగ్గర ప్రత్యక్షమయ్యేది. నలభై ఏళ్లుగా అదే పని. పిలిచిన ఇంటికీ వెళ్లేది, పిలవడం మరిచిన ఇంటికీ వెళ్లేది.

అలాంటి మనిషికి షుగరు ముదిరి చిగుళ్లు చెడ్డాయి. ఆదోనిలో పళ్ల డాక్టరమ్మ విడతకు నాలుగైదు చొప్పున ఉన్న పళ్లన్నీ తీసేసి, చిగుళ్లు మానాక పళ్ల సెట్టు చేయిస్తానని చెప్పింది. ఇంటికొచ్చిన మర్నాడు భీమమ్మ తలుపు గడియ వేసుకొని, అద్దం ముందు నిలబడి ఒక పాట ఎత్తుకుంది. "స" అనబోతే ఉత్త గాలి వచ్చింది. "త" అనబోతే నాలుక ఆసరా దొరక్క జారిపోయింది. రెండో వరుసలోనే ఆపేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు ఇక దిగలేదు.

మామూలు రోజుల్లో అయితే మూడు నెలలు ఓర్చుకునేదే. కానీ సరిగ్గా ఆ మూడు నెలల్లోనే, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, కోడలు సంతోషి మద్దికెరలో పుట్టింట ఆడబిడ్డను కన్నది. మూడో నెలలో బిడ్డను ఇక్కడికి తెచ్చి తొట్టిల్లో వేస్తారు. ఈ ఇంట్లో తొట్టిల దగ్గర మొదటి పాట బిడ్డ తండ్రిని కన్నతల్లిది. మద్దయ్య తొట్టిలకు భీమమ్మ అత్త పాడింది. ఆ వంతు తనకు రావాలని భీమమ్మ తొమ్మిదేళ్లు కాచుకుంది. ఊరందరి బిడ్డలకూ పాడి, సొంత మనవరాలికి మాత్రం కొంగు అడ్డం పెట్టుకొని మూలన కూర్చోవాలంటే ఆమె ప్రాణం ఎట్లా ఒప్పుతుంది?

పైగా వియ్యపురాలు బసమ్మ ఫోను చేసింది. "నీకు ఈ స్థితిలో ఎందుకులే వదినా కష్టం! ఆదోని నుంచి కీబోర్డు పార్టీని మాట్లాడినా. బాక్సులు వాళ్లే తెస్తారు. సినిమా పాటలు, జోల పాటలు అన్నీ వాళ్లే పాడతారు. నువ్వు నిమ్మళంగా కూసో."

"ఊ" అంది భీమమ్మ. ఫోను పెట్టేశాక జల్లెడను ఎంత కోపంగా ఆడించిందంటే, సగం బొరుగులు వాకిట్లో కాకుల పాలయ్యాయి.

తొట్టిలకు ఇంకా ఇరవై రోజులుందనగా డాక్టరమ్మ చిగుళ్ల అచ్చు తీసుకోవడానికి రమ్మంది. భీమమ్మ ఆదోని బస్సెక్కింది. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి ఆ బస్సులో కూర్చోవడానికి చోటు దొరికితే అదృష్టమే. నిలబడే పోయింది.

ఆసుపత్రిలో ముందు గదిలో కూర్చుంది. అద్దం వెనక కొత్తగా చేరిన పిల్ల, హెప్సిబా, మూతికి మాస్కు కట్టుకొని పేర్లు రాసుకుంటోంది. గోనెగండ్ల నుంచి రోజూ వచ్చిపోతుంది. లోపల పళ్లు రాపాడే మిషను గుయ్యిమంటుంటే బయట కూర్చున్నవాళ్ల గుండెలు జారిపోతున్నాయని, ఆ పిల్ల ఒక చిన్న స్పీకరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులోంచి పాట వస్తోంది.

భీమమ్మ మొదట దాన్ని పాట అనుకోలేదు. గిటారు తీగ మీద బొటనవేలు ఒక్కటే నిదానంగా అడుగులు వేస్తోంది. తక్కిన వేళ్లు మాత్రం ఆ అడుగుకు కాస్త ముందో, కాస్త వెనకో చిటపటలాడుతున్నాయి. ఆ వెనకాల ఏదో స్స్... స్స్... అంటోంది. అది జల్లెడ! బొరుగులు జల్లించే సప్పుడు! భీమమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. నలభై ఏళ్లుగా తన చేతుల్లో ఉన్న సప్పుడు ఆమెకు తెలియదా?

అప్పుడు గొంతు వచ్చింది. ఎవరో మగమనిషి. అరవడం లేదు, ఎత్తుకోవడం లేదు, గమకం తిప్పడం లేదు. పక్కనే చాప మీద కూర్చొని చెవిలో ఏదో చెబుతున్నట్టు ఉంది. భాష తెలియదు. మాటల్లో సగం ష... ఝ... అని గాలి, మిగతా సగం ముక్కులోంచి వచ్చే ఆఁవ్... ఊఁ... పెదాల మధ్య మెత్తగా నలిగి బయటికొస్తున్నాయి. పైగా ఆ గొంతు తాళానికి వెనకబడి తీరుబడిగా నడుస్తోంది. అయ్యో, తప్పిపోతున్నాడే అని భీమమ్మ తొడ మీద తాళం వేసి చూసింది. చివరి మాటకు వచ్చేసరికి మనిషి సరిగ్గా తాళం పక్కనే నిలబడి ఉన్నాడు!

భీమమ్మకు ఒళ్లు జలదరించింది. 'వీడికీ పళ్లు లేవు' అనుకుంది. ఆ ష, ఆ ఝ, ఆ గాలి అంతా తన నోట్లోంచి వస్తున్నదే. పళ్లు లేని మనిషి, అయినా పాడుతున్నాడు, అయినా ఎంత బాగుంది!

లేచి అద్దం దగ్గరికి పోయింది. "ఏం పాటలు పాపా ఇవి?"

లోపల మిషను గీపెట్టింది. మాస్కు వెనక నుంచి హెప్సిబా చెప్పింది, "బోసా నోవా, అవ్వా."

భీమమ్మకు వినిపించింది మాత్రం "బోసినవ్వవ్వా" అని.

ఇంకేముంది! ముక్కు మీదనే ఉండే కోపం నెత్తికెక్కింది. "ఏమ్మే! నాకు పళ్లు లేవని ఎక్కిరిస్తాండావా? నిన్నగాక మొన్న వచ్చినదానివి. నీ పళ్లు రాలే కాలం రాదనుకున్యావా?"

హెప్సిబా బిత్తరపోయి లేచి నిలబడింది. "అయ్యో, నిన్నెందుకు ఎక్కిరిస్తానవ్వా? పాట పేరే అది. బ్రెజిల్ దేశం పాట."

"పాట పేరే అదా?"

"దేవుని తోడు, అదే. ఆ పాట పాడేటోళ్లు అరవరు అవ్వా. ఇట్లనే నోట్లోనే అనుకుంటాండట్ల పాడతారు. నాకు శానా ఇష్టం."

భీమమ్మ కోపం వచ్చినంత వేగంగానూ పోయింది. మళ్లీ కుర్చీలో కూర్చొని ఆలోచించింది. ఆలోచించినకొద్దీ ఆమె కళ్లు పెద్దవయ్యాయి. లోకంలో ఎక్కడో ఒక దేశం ఉంది. ఆ దేశంలో పళ్లూడినవాళ్లను మూలన కూర్చోబెట్టి కీబోర్డు పార్టీని పిలవరు. వాళ్ల నోటికి తగ్గట్టు ఒక పాటనే కట్టి, దానికి బోసినవ్వు అని పేరు పెట్టి, గిటారు కూడా జతచేసి ఇచ్చారు! ఎంత మంచివాళ్లు! ఎంత తెలివి! డాక్టరమ్మ నోట్లో మైనంలాంటి ముద్ద పెట్టి అచ్చు తీస్తున్నంత సేపూ భీమమ్మ ముక్కుతోనే ఊఁ... ఊఁ... అని ఆ పాటను పట్టుకోవాలని చూసింది. "కదలొద్దమ్మా" అని డాక్టరమ్మ రెండుసార్లు కసిరింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. కొంగు ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. మూడు నెలల తర్వాత నోటికి గాలి తగిలింది. బస్సు ఇంజను గుర్రుగుర్రుమంటుంటే దాన్నే బొటనవేలు అనుకొని, పెదాలతో చిన్నగా పాడుకుంటూ వచ్చింది. పక్కన కూర్చున్నామె అదోలా చూసింది. చూస్తే చూసింది.

మర్నాటి నుంచి ఇంట్లో సాధన మొదలైంది. జల్లెడ అటూ ఇటూ ఆడిస్తూ స్స్... స్స్..., కుడికాలి మడమతో నేల మీద అడుగు, ఆ పైన మెల్లగా గొంతు. మొదట పాత పాటలనే పాడి చూసింది. కుదరలేదు. వాటి నిండా స, త, ద. అవన్నీ పళ్ల మీద నిలబడే అక్షరాలు. ఒక్కొక్క అక్షరాన్నీ నోట్లో వేసుకొని చూసుకుంది. ప వచ్చింది. బ వచ్చింది. మ, వ, య ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి. ల, ర, న, క, గ కూడా మాట విన్నాయి. పెదాలతో పలికేవన్నీ తనవే! పాప, పాలు, బువ్వ, అవ్వ, మామ. చూస్తే ఇవన్నీ బిడ్డలు మొదట నేర్చుకునే మాటలు. వాళ్లకూ పళ్లుండవు కదా! ఈ సంగతి తట్టినప్పుడు భీమమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఒంటరిగా వంటింట్లో కూర్చొని పకపకా నవ్వింది. ఇక ఆ మాటలతోనే, పళ్ల అవసరం లేని మాటలతోనే, ఒక జోలపాట కట్టడానికి పూనుకుంది. కావాలనుకున్న మాటలో "త" అడ్డం పడితే ఆ మాటను తీసి అవతల పారేసింది.

అయితే ఆ నడక చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయేది. మళ్లీ వినాలి. అందుకని రెండు రోజులకోసారి ఆదోని బస్సెక్కేది. "చిగుళ్లు సలుపుతాండాయి డాక్టరమ్మా" అని ఒక సాకు. "నాలుకకు ఏమో తగులుతాండాది" అని ఇంకొక సాకు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఇంత బాగా మానిన చిగుళ్లు నేను చూడలేదమ్మా, ఎందుకొస్తున్నారు?" అంది.

అద్దం దగ్గర మాత్రం సాకులు లేవు. "బోసినవ్వు పెట్టు పాపా" అనేది. పళ్లు లేని నోటితో పాపం బోసా నోవా అనడానికి అవస్థ పడుతోందని హెప్సిబా అనుకునేది. ముచ్చటపడి పెట్టేది. అలా ఒకరి తప్పు ఒకరికి తెలియకుండా పది రోజులు హాయిగా గడిచాయి. ఆ పది రోజుల్లో భీమమ్మకు పాటలు విడివిడిగా తెలిసిపోయాయి. ఇది ఆడమనిషి పాడింది, నిద్ర మబ్బుతో ఉన్నట్టుంటుంది. ఇది ఇద్దరు కలిసి పాడింది. ఇందులో మధ్యలో పిల్లనగ్రోవి వస్తుంది. "ఇది గాదు, మొన్నటిది పెట్టు, ఏడుస్తానే నవ్వుతాడే, ఆయనది" అనేది. హెప్సిబా వెతికి వెతికి అదే పెట్టేది. ఇంట్లో తన చర్చి గిటారు మీద ఆ వేళ్ల నడక నేర్చుకుంటున్నానని ఆ పిల్ల చెబితే, "వేళ్లు తొందరపడితే పడనీ, బొటనవేలిని మాత్రం తొందరపెట్టగాకు" అని భీమమ్మ సలహా కూడా ఇచ్చింది. గిటారును ఆమె జన్మలో ముట్టుకోలేదు.

తొట్టిలకు వారం ఉందనగా బసమ్మ, సంతోషి బిడ్డతో మద్దికెర నుంచి దిగారు. బిడ్డ గుండ్రంగా, నల్లగా, తండ్రి ముక్కుతో ఉంది. భీమమ్మ ఎత్తుకొని గుండెకు అదుముకుంది. ఆమె నోట వచ్చిన మొదటి మాట, "మొదటి పాట నేనే పాడతా."

"ఎట్ల పాడతావు వదినా?" అంది బసమ్మ జాలిగా.

భీమమ్మ ఆగలేకపోయింది. అన్నీ చెప్పేసింది. బ్రెజిల్ అనే దేశం, అక్కడి పళ్లు లేనివాళ్లు, వాళ్ల కోసం కట్టిన బోసినవ్వు పాటలు, అందులో జల్లెడ సప్పుడు. చెబుతున్నంత సేపూ చేతులు ఆగలేదు, కొంగు నోటి దగ్గరికే పోలేదు.

"పళ్లు లేనోళ్ల పాటలా? యాడ, నేనూ చూస్తా ఉండు" అని మద్దయ్య ఫోను తీశాడు. తల్లి మీద ప్రేమతోనే తీశాడు. నోటితో చెప్పి వెతికితే వచ్చింది. "అమ్మా, బోసినవ్వు గాదమ్మా. బోసా నోవా అంట." ఫోను ఇటు తిప్పాడు.

తెర మీద ఒక పడుచుపిల్ల గిటారు పట్టుకొని పాడుతోంది. పాట మధ్యలో నవ్వింది. తెల్లగా, వరుసగా, ఒక్కటి కూడా తక్కువ కాకుండా పళ్లు. మద్దయ్య ఇంకొకటి పెట్టాడు. కళ్లద్దాల మగమనిషి. ఆయనకూ పళ్లున్నాయి. ఇంకొకటి. అందులో నలుగురున్నారు. నలుగురికీ ఉన్నాయి.

బసమ్మ కొంగు కడుపుకు అదుముకొని నవ్వింది. "ముప్పై రెండూ ఉండాయి కదా వదినా! ఎంత కత అల్లితివి!" సంతోషికి అత్త ముఖం చూసి నవ్వు ఆగిపోయింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. మద్దయ్య ఫోను జేబులో పెట్టుకొని, బండి దగ్గర పనుందని వెళ్లిపోయాడు.

భీమమ్మ కొంగు మళ్లీ నోటికి అడ్డం వచ్చింది. ఆమెకు సిగ్గు కంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. తనలాంటి వాళ్లు ఎక్కడో ఉన్నారని నమ్మి పది రోజులు ఎంత సంతోషంగా బతికింది! ఎవరూ లేరన్నమాట. పళ్లున్న వాళ్లు పాడుకుంటుంటే, పళ్లు లేని ముసలిది ఒకతి తన పాటే అనుకొని మురిసిపోయిందన్నమాట. నాలుగు రోజులు జల్లెడ సప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకేమీ వినపడలేదు. ఆ జల్లెడ కూడా ఉత్త పని కోసమే ఆడింది.

తొట్టిలకు రెండు రోజులుందనగా పళ్ల సెట్టు వచ్చిందని ఆసుపత్రి నుంచి ఫోను. వెళ్లింది. డాక్టరమ్మ సెట్టు అమర్చి అద్దం చేతికిచ్చింది. ముఖం నిండుగా ఉంది, పదేళ్లు తగ్గినట్టుంది. "స" అంది. సన్నగా ఈల వచ్చింది గానీ, స అయితే వచ్చింది. "త" అంది. అదీ వచ్చింది. "రోజూ కొంతసేపు పెట్టుకుంటే అలవాటవుతుందమ్మా" అంది డాక్టరమ్మ. సంతోషించాల్సిన సమయమే. భీమమ్మకు ఎందుకో సంతోషం రాలేదు.

బయటికి రాగానే హెప్సిబా ముఖం వెలిగిపోయింది. "అవ్వా! ఎంత బాగుండావు! నీ పాట పెట్టేదా?" అడగడమే కానీ అప్పటికే పెట్టేసింది.

"ఆపుమే దాన్ని."

ఆ పిల్ల ఆపింది. భీమమ్మ అద్దం మీదికి వంగింది. "బోసినవ్వు అని నాకు ఎందుకు అబద్ధం సెప్తివి? పళ్లు లేనోళ్ల పాటని నేను మురిసిపోతి. వియ్యపురాలి ముందర నా పరువు పాయ. వాళ్లకు ఒక్కొక్కరికి నోటి నిండా పళ్లుండాయి!"

హెప్సిబాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థం కాగానే నవ్వు పొంగుకొచ్చి, భీమమ్మ కళ్లు చూసి ఆ నవ్వును మింగేసింది. మాస్కు తీసేసి, అద్దం వెనక నుంచి బయటికొచ్చి, పక్క కుర్చీలో కూర్చుంది.

"బోసినవ్వు కాదవ్వా. బోసా నోవా. బోసా అంటే వాళ్ల మాటలో ఒడుపు అంట, నోవా అంటే కొత్త. కొత్త ఒడుపు. నాకు అంతే తెలుసు."

"మరి పళ్లుండేటోళ్లు అట్ల ఎందుకు పాడల్ల? గట్టిగ పాడేదానికి వాళ్లకేం రోగం?"

"రోగం ఏమీ లేదు. గట్టిగ పాడగలరు. వాళ్లకంటే ముందరోళ్లు అట్లనే పాడేటోళ్లంట. అంతస్తుల ఇండ్లలో రాత్రిపూట పక్కింటోళ్లు లేస్తారని మెల్లగ పాడుకోబట్టి అట్ల మొదలాయ అని కొందరు సెప్తారు. నిజమో కాదో తెలీదు. కానీ ఆ మెల్లగ పాడేది వాళ్లకు నచ్చింది. గొంతు లేక కాదు అవ్వా. గొంతుండీ, కావాలనే."

"కావాలనా?" అంది భీమమ్మ.

"కావాలనే. మా చర్చిలో అందరూ నన్ను 'నోరు తెరిసి పాడుమే' అంటారు. నా గొంతు ఇంతే. ఈ పాటలు విన్న్యాక, ఇంత గొంతుతో కూడా పాడొచ్చు అని తెలిసి నేను ఆ పొద్దు బస్సులో ఏడిసినా."

పళ్లు లేనివాళ్ల కోసం కట్టిన పాట అనుకున్నప్పుడు అది భీమమ్మకు జాలితో ఇచ్చిన పాటలా ఉండింది. ఇప్పుడు చూస్తే అది ఎవరి మీదా జాలితో కట్టింది కాదు. అరవగలిగిన వాళ్లు అరవడం మానుకొని ఏరుకున్న దారి. తాను పది రోజులు నడిచింది ఆ దారినే! చేతకాక కాదు, చక్కగా నడిచింది!

"పెట్టు పాపా" అంది. "ఏడుస్తానే నవ్వేటాయనది."

తొట్టిల రోజున ఇంటి ముందు షామియానా వేశారు. కీబోర్డు పార్టీ బీరువా అంత బాక్సులు రెండు దింపింది. బంతిపూలు కట్టిన తొట్టిల్లో బిడ్డను పడుకోబెట్టారు. వీధిలోని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. బసమ్మ సైగ చేయగానే బాక్సుల్లోంచి దరువు దూకింది. ఇంటి గోడలు అదిరాయి. బిడ్డ ఉలిక్కిపడి, చేతులు రెండూ పైకెత్తి, గుక్కపట్టి ఏడ్చింది. సంతోషి ఎత్తుకుంది, బసమ్మ ఎత్తుకుంది, పాలు పట్టబోయారు, గిలక ఆడించారు. బిడ్డ ముఖం కందిపోయింది గానీ ఏడుపు ఆగలేదు.

భీమమ్మ కీబోర్డు అతని దగ్గరికి పోయింది. "రొంతసేపు ఆపు నాయనా. ఈ ఇంట్లో మొదటి పాట నాది." అతను ఆపి మైకు అందించాడు. "అదీ వద్దు" అంది. పక్కకు తిరిగి పళ్ల సెట్టు తీసి, డబ్బీలో పెట్టి, డబ్బీని బొడ్లో దోపుకుంది. వంటింట్లోంచి జల్లెడ తెప్పించుకొని, అందులో గుప్పెడు బొరుగులు వేసుకొని తొట్టిల పక్కన చాప మీద కూర్చుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వినిపించుకోలేదు.

"బిడ్డను పండబెట్టమ్మా" అంది కోడలితో.

స్స్... స్స్... జల్లెడ ఆడింది. మడమ నేల మీద అడుగు వేసింది. ఒక అడుగు, రెండు అడుగులు, నాలుగు. భీమమ్మ తొందరపడలేదు. అడుగు దాటిపోయాక, తీరుబడిగా, పక్కన కూర్చొని చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"మెల్లగ మెల్లగ గాలీ రావే, మా పాప కన్నూ మూయాలా... మెల్లగ మెల్లగ ఎండా పోవే, మా పాప మోమూ మెరవాలా..."

వెనక వరుసలో ఆడవాళ్లకు వినపడలేదు. మాటలు ఆపి ముందుకు జరిగారు. అప్పటికీ సరిగ్గా వినపడక ఇంకొంచెం వంగారు. భీమమ్మ గొంతు పెంచుతుందేమోనని చూశారు. ఆమె పెంచలేదు. నలభై ఏళ్లుగా ఆ గొంతు వచ్చి వాళ్ల చెవుల్లో పడేది. ఈరోజు వాళ్లే ఆ గొంతు దగ్గరికి వచ్చారు. షామియానా కింద జల్లెడ సప్పుడు, మడమ సప్పుడు, ఆ పాట, అంతే మిగిలాయి.

బిడ్డ ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఎక్కిళ్లు కూడా ఆగాయి. తడి కళ్లు రెండూ పాట వస్తున్న నోటి వైపు తిరిగాయి. భీమమ్మ కొంగు అడ్డం పెట్టుకోలేదు. తొట్టిల మీదికి వంగి, నోరు తెరిచి, చివరి వరుస బిడ్డ ముఖంలోకే పాడింది.

"పన్ను లేని పాపకు పాలూ... పన్ను లేని అవ్వకు పాపా..."

బిడ్డ కాళ్లు తన్నింది. పెదాలు వణికాయి, సాగాయి, చిగుళ్లు రెండూ కనిపించేలా నవ్వింది. భీమమ్మ అదే నవ్వు తిరిగి నవ్వింది. సంతోషి ఏడ్చేసింది. మద్దయ్య బొరుగుల గంప వెనక నిలబడి ముక్కు తుడుచుకున్నాడు.

చాలాసేపటికి బసమ్మ వచ్చి చాప మీద పక్కనే కూర్చుంది. ఎందుకో ఆమె కూడా గొంతు తగ్గించే మాట్లాడింది. "ఏం పాట వదినా ఇది?"

"బోసినవ్వు పాట."

"అది తప్పు పేరని మద్దయ్య ఆ పొద్దే సెప్పినాడు కదా? మరిసిపోయినావా?"

భీమమ్మ తొట్టిల తాడు మెల్లగా లాగింది. "మరిసిపోలేదు వదినా. కావాలనే."